చీనా ఉప్పును తాకట్టు పట్టిన బ్యాంకు

ఉప్పుపన్ను భారమెట్టిదో ఆంధ్రులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 1930లో దేవరంపాడు శిబిరమును మన జిల్లాలు మఱచిపోలేదు. కాని అంతకు పదునేడేండ్ల ముందు చీనాదేశపు ఉప్పుపన్ను విదేశీయ బ్యాంకులకు తాకట్టుపడెననియు, ఆ పన్నుశాఖను దిద్దితీర్చుటకై పిలువబడిన సర్ రిచర్డు డేను అంతకుముందు హిందూదేశమున ఉప్పుశాఖను నడపినవాడే యనియు ఎఱిగినవారు అరుదు. ఆ బ్యాంకులలో ఆంగ్లేయుల పక్షమున ముందు నిలిచినది హాంగుకాంగు షాంఘై బ్యాంకు. నేడు హెచ్. ఎస్. బి. సి. యను పేర లోకమంతట వ్యాపించి, మన హైదరాబాదులో వేలకొలది యువకులకు కొలువిచ్చుచున్న సంస్థ అదియే.

దాని పుట్టుకకు కారణము బొంబాయి యన్నచో పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండగా మన ప్రత్తిధర ఆకాశమంటెను. బొంబాయి వర్తకుల పెట్టెలు నిండిపోయెను. వారు చీనా వర్తకమునకై ఒక బ్యాంకు పెట్టదలచి, హాంగుకాంగు వర్తకులకు కొద్దిపాటి వాటాలు మాత్రము విదల్పజూచిరి. 1864లో ఈ వార్త అచటి పి. అండ్ ఓ. ఓడల కంపెనీ ఉద్యోగియగు థామస్ సదర్లాండు చెవిని బడెను. ముప్పదియేండ్ల ఈ స్కాట్లండువాడు బ్యాంకుపని చేసి యెఱుగడు. అయినను బొంబాయివారికంటె ముందుగ ఒక ప్రణాళిక వ్రాసి వర్తకుల నొకచోట చేర్చెను. 50 లక్షల డాలర్ల మూలధనముతో 1865 మార్చి 3న హాంగుకాంగులోను, ఏప్రిలు 3న షాంఘైలోను బ్యాంకు తలుపులు తెఱచిరి. వ్యవస్థాపక సంఘములో ఇంగ్లీషువారితోబాటు పార్సీ వర్తకులును, బగ్దాదు నుండి బొంబాయి చేరిన ససూను వంశీయుడును ఉండిరి.

ఇన్ని జాతులవారిని కలిపినదేమి? తేయాకు, పట్టు, వెండి, వానితోబాటు నల్లమందు. బీహారు, కాశీ ప్రాంతముల రైతులచేత సర్కారు పండించి కలకత్తాలో వేలము వేసిన సరకును, మాళవము నుండి బొంబాయి మీదుగ పోయిన సరకును చీనాకు చేరుటయు, దాని సొమ్ము హుండీల రూపమున మరలివచ్చుటయు ఆనాటి తూర్పుసముద్ర వ్యాపారమున పెద్దభాగము. చీనా తేయాకు పరిమళమున ఈ వాసన కలిసియున్నదని మఱువరాదు.

పుట్టిన మఱుసటియేడే గండము. 1866లో లండనున ఓవరెండు గర్నీ కంపెనీ కూలగా తూర్పుదేశపు బ్యాంకులు పెక్కులు దానివెంట మునిగెను. ఇది నిలిచెను. 1876 మొదలు 1902 వఱకు నడుమ నడుమ విరామముతో ప్రధాన మేనేజరుగ నుండిన సర్ థామస్ జాక్సను దానిని ఆసియాలో అగ్రస్థానమునకు దెచ్చెను. వెండివెల యేటేట దిగజారుచున్న కాలమది. అతడు వెండిలో వచ్చిన డిపాజిట్లను వెండి అప్పులకును, పౌనులను పౌను అప్పులకును వినియోగించుచు మారకపు జూదమునకు దూరముగ నుండెను. పెద్దపేరుగల ఓరియంటలు బ్యాంకు 1884లో కూలినపుడును దీనికి చలనము లేదు. ఇంతవఱకు మెచ్చుకొనదగినదే.

ఇక అసలు సంగతి. 1874లో ఫార్మోజా విషయమున జపానుతో తగవు రాగా చీనా సర్కారునకు డబ్బు కావలసివచ్చెను. ఈ బ్యాంకు నూటికి 8 వడ్డీకి అప్పు కుదిర్చెను, రేవుసుంకము జామీను. 1895లో జపానుచేత ఓడిన పిదప యుద్ధపరిహారము చెల్లించుటకై 1896లోను 1898లోను కోటి 60 లక్షల పౌనుల చొప్పున రెండు అప్పులు ఈ బ్యాంకును, ఒక జర్మను బ్యాంకును కలిసి సమకూర్చెను. గెలిచినవానికి చెల్లించుటకు ఓడినవాడు మూడవవాని గుమ్మమెక్కెను! 1911 విప్లవము తరువాత సుంకపు వసూళ్లు చీనా ఖజానాకు పోక నేరుగ విదేశీయ బ్యాంకులలో జమయగుచు వచ్చెను. అప్పువాయిదాలు పోగా మిగిలినదే చీనావారికి. నోటు వ్రాయించుకొని ఇంటికి పోవు సాహుకారు వేఱు. కళ్లములోనే కూర్చుండి గింజ కొలుచుకొను సాహుకారు వేఱు. మన రైతుల కీ తేడా తెలియును.

1913 ఏప్రిలులో అధ్యక్షుడు యువాన్ షికాయి, పార్లమెంటు అంగీకారము లేకయే, ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, రష్యా, జపాను దేశముల బ్యాంకుల కూటమికి 2 కోట్ల 50 లక్షల పౌనుల ఋణపత్రము వ్రాసియిచ్చెను. బాండ్లు నూటికి 90 చొప్పున అమ్ముడయ్యెను. కమీషను పోగా చీనా లెక్కలో పడినది నూటికి 84. అందును పాతబాకీల కోత. వడ్డీ మాత్రము నిండు నూటిమీద 5. జామీను ఉప్పుపన్ను, దాని వసూలుపై విదేశీయ తనిఖీ. ఈ షరతులు చీనా పరిపాలనా స్వాతంత్ర్యమునకు భంగకరములని తలచి అమెరికా అధ్యక్షుడు విల్సను తన దేశపు బ్యాంకులకు అండనిచ్చుట మానెను, అవి తప్పుకొనెను. ఆ వేసవిలో తన్నెదిరించిన దక్షిణ రాష్ట్రములను అణచుటకు యువానునకు ఈ ధనమే బలమయ్యెను. డేను సమర్థుడే, అతని చేతిలో ఉప్పువసూళ్లు మిక్కిలి పెరిగెను. దానిని మేము కాదనము. కాని ఆ సమర్థతకు మూల్యమిచ్చినది గంజిలో ఉప్పురాయి వేసికొను చీనాకూలి.

1923లో షాంఘై నదియొడ్డున ఈ బ్యాంకు కట్టిన మహాభవనపు గుమ్మటములో లోకపు ఎనిమిది బ్యాంకునగరముల చిత్రములు రంగుఱాళ్లతో పొదిగిరి. అందు మన కలకత్తా యొకటి. వాకిట రెండు కంచుసింహములు. ఆ వైభవము చిరకాలము నిలువలేదు. 1941 డిసెంబరు 25న హాంగుకాంగు జపానువారి వశమయ్యెను. చెలామణిలోనికి రాని నోట్లపై బ్యాంకు అధికారులచేత బలవంతముగ సంతకములు చేయించిరి. ప్రధాన మేనేజరు సర్ వాండలీరు గ్రేబర్ను 1943లో చెఱలోనే మరణించెను. యుద్ధానంతరము ఆ నోట్లకును బ్యాంకు మాట నిలుపుకొనెను. 1949లో చీనాలో క్రొత్త ప్రభుత్వము వచ్చినది. 1955లో షాంఘై భవనము చేజాఱెను.

పిమ్మట జరిగినదంతయు కొనుగోళ్ల కథ. 1853లో బొంబాయిలో పుట్టిన మర్కంటైలు బ్యాంకును 1959లో కొనెను. బొంబాయి పోటీకి వెఱచి పుట్టినది బొంబాయి బిడ్డనే యింటికి తెచ్చుకొనెను. 1965లో హాంగ్‌సెంగ్ బ్యాంకు, 1980 మొదలు అమెరికాలో మెరైన్ మిడ్‌లాండు, 1992లో ఇంగ్లండున మిడ్‌లాండు బ్యాంకు. 1993లో కేంద్రకార్యాలయమే లండనునకు తరలెను. 2003లో కొన్న హౌస్‌హోల్డు కంపెనీ అమెరికా పేదల గృహఋణములతో నష్టములు మూటగట్టగా, 2009లో వాటాదారుల నుండి 1,250 కోట్ల పౌనులు అడుగవలసివచ్చెను.

2012లో మఱియొక సంగతి బయటపడెను. మెక్సికో మత్తుపదార్థముల ముఠాల సొమ్ము ఈ బ్యాంకు ద్వారా ప్రవహించుచుండ తగిన కట్టడి లేకపోయెనని అమెరికా ప్రభుత్వము తప్పుపట్టగా, సుమారు 190 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడెను. ఇందుకై బ్యాంకు అధికారి యెవడును జైలు మెట్టెక్కలేదు. నల్లమందు వర్తకులు కూడి పెట్టిన బ్యాంకు నూటనలువదియేడేండ్లకు మరల మత్తుసొమ్ము లెక్కలకే జవాబు చెప్పుకొనవలసివచ్చెను.

చీనాకును ఈ బ్యాంకునకును గల పేచీ తీరలేదు, పాత్రలు మాత్రము తారుమారయ్యెను. నాడు చీనా ఋణగ్రస్త. నేడు చీనాకు చెందిన పింగాన్ బీమా కంపెనీ ఈ బ్యాంకులో పెద్ద వాటాదారు. ఆసియా వ్యాపారమును విడదీసి వేఱు సంస్థగ నిలుపుమని 2022లో ఆ కంపెనీ పట్టుపట్టెను. 2023 మేలో వాటాదారుల సభలో అట్టి తీర్మానము వీగిపోయెను. కేంద్రకార్యాలయము లండనుననే యున్నది. లాభములో పెద్దపాలు ఆసియా నుండియే పోవుచున్నది.