మిస్డ్ కాల్‌కు బదులిచ్చే పెట్టె

హర్యానాలోని సోనీపత్ దగ్గర ఒక టమాటా రైతు ఉన్నాడనుకుందాం. తెల్లవారితే పంటను బండికెత్తి ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి పంపాలి. ఈ రోజు అక్కడ ధర ఎంత పలికిందో తెలిస్తే, పంపాలో ఒక రోజు ఆగాలో తేల్చుకోగలడు. అతని దగ్గరున్నది మామూలు మీటల ఫోను. ఒక నంబరుకు రింగు ఇస్తాడు. అవతల ఎవరూ ఎత్తకుండానే కాల్ తెగిపోతుంది. కాసేపటికి అతని ఫోనే మోగుతుంది. ‘టమాటా ధర కోసం 1 నొక్కండి’ అని ఒక గొంతు చెబుతుంది. రైతుకు పైసా ఖర్చు లేదు, చదువుతో పని లేదు.

రైతు మన ఊహే గాని, పద్ధతి నిజమైనదే. ఢిల్లీ ఐఐటీ అండతో 2009లో మొదలైన గ్రామ్ వాణి సంస్థ, 2012లో జార్ఖండ్‌లో ప్రారంభించిన ‘మొబైల్ వాణి’ మిస్డ్ కాల్ ఆధారంగానే నడిచింది. అంతకుముందు ఢిల్లీలోని ఐబీఎం పరిశోధకులు ఫోనులో ఊరి సమాచారం వినిపించే ‘వాయ్‌కియోస్క్’ అనే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామంలో పరీక్షించారు. ఆ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

మరి రైతు కాల్‌ను తెంచిందెవరు? తిరిగి పిలిచిందెవరు? ఒక చిన్న పెట్టె, అందులోని కొన్ని పదుల వరుసల ప్రోగ్రాము. అలాంటి చిన్న ప్రోగ్రామునే స్క్రిప్టు అంటారు.

ఎక్స్ఛేంజి కూడా కంప్యూటరే

ఏ కాల్‌ను ఎవరికి కలపాలో నిర్ణయించేది ఎక్స్ఛేంజి. ఒకప్పుడు ఈ పనిని విద్యుదయస్కాంత మీటలు చేసేవి. జ్ఞాపకంలో దాచిన ప్రోగ్రాముతో నడిచే పెద్ద ఎక్స్ఛేంజి 1965లో అమెరికాలోని న్యూజెర్సీలో పని మొదలుపెట్టింది. మన దేశంలో 1984 ఆగస్టులో ఢిల్లీలో సి-డాట్ ఏర్పడింది. శాం పిట్రోడా ప్రోత్సాహంతో అక్కడి ఇంజినీర్లు పల్లెల కోసం 128 లైన్ల డిజిటల్ ఎక్స్ఛేంజిని రూపొందించారు. ఏసీ గది లేకుండా, ఎండనూ దుమ్మునూ తట్టుకొని పనిచేయడం దాని ప్రత్యేకత.

అయితే ఎక్స్ఛేంజి లోపలి ప్రోగ్రామును తయారుచేసినవారే మార్చగలిగేవారు. వాడుకునేవారికి ఆ అవకాశం లేదు. 1999లో ఈ స్థితి మారింది. మార్క్ స్పెన్సర్ అనే అమెరికన్ విద్యార్థి, తన చిన్న కంపెనీకి ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక, లినక్స్ మీద నడిచే ఎక్స్ఛేంజి ప్రోగ్రామును తానే రాసుకున్నాడు. దాని పేరు ఆస్టరిస్క్. ఎవరైనా చదివి మార్చుకునేలా దాన్ని అందరికీ విడుదల చేశాడు. నేడు అది అరచేతిలో పట్టే బోర్డు మీద కూడా నడుస్తుంది. ఇలా ఒకే పనికి అంకితమైన పరికరంలో ఒదిగి ఉండే లినక్స్‌ను ఎంబెడెడ్ లినక్స్ అంటారు.

స్క్రిప్టు ఎలా మాట్లాడుతుంది?

ఆస్టరిస్క్‌లో ప్రతి నంబరుకూ ఒక కార్యక్రమ పట్టిక ఉంటుంది. మొదట కాల్ ఎత్తు, తర్వాత ఈ స్వరం వినిపించు అని వరుసగా రాసి ఉంటుంది. ‘ఈ స్క్రిప్టును నడుపు’ అనేది కూడా అందులో ఒక మెట్టు కావచ్చు. ఆ మెట్టు రాగానే ఎక్స్ఛేంజి స్క్రిప్టును లేపి, పిలిచిన నంబరు, పిలవబడిన నంబరు వంటి వివరాలను వరుసకొకటిగా అందిస్తుంది. చివర ఒక ఖాళీ వరుస వస్తుంది. ‘నా మాట అయిపోయింది, ఇక నీ వంతు’ అని దాని అర్థం.

అప్పుడు స్క్రిప్టు ‘గెట్ డేటా’ అనే ఆజ్ఞ పంపుతుంది. దానితో పాటు వినిపించవలసిన స్వరం పేరు, ఎంతసేపు ఎదురుచూడాలి, ఎన్ని అంకెలు తీసుకోవాలి అన్నవి చెబుతుంది. ఎదురుచూసే కాలాన్ని మిల్లీ సెకన్లలో చెప్పాలి. 5 సెకన్లకు 5000 అన్నమాట. రైతు 1 నొక్కితే ‘200 రిజల్ట్=1’ అని జవాబు వస్తుంది. 200 అంటే ఆజ్ఞ అందింది, అమలైంది అని అర్థం.

నిజానికి 1 నొక్కినప్పుడు ఫోనులో పుట్టేవి 697, 1209 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు. వాటిని గుర్తుపట్టి అంకెగా మార్చేది ఎక్స్ఛేంజే. ధ్వని పని ఎక్స్ఛేంజిది, నిర్ణయం పని స్క్రిప్టుది. అందుకే ధ్వని శాస్త్రం తెలియని విద్యార్థి కూడా ఈ స్క్రిప్టు రాయగలడు.

తిరిగి పిలవడం ఇంకా తేలిక. ఎవరికి ఫోను చేయాలో నాలుగు వరుసల్లో రాసిన ఫైలును ఒక నిర్ణీత డైరెక్టరీలో ఉంచితే చాలు. కాని ఇందులో ఒక మెలిక ఉంది. ఆ డైరెక్టరీలో ఫైలు కనబడగానే ఎక్స్ఛేంజి చదివేస్తుంది. అక్కడే కూర్చుని రాస్తే సగం రాసిన ఫైలును చదివే ప్రమాదం ఉంది. కాబట్టి వేరే చోట పూర్తిగా రాసి, తర్వాత అక్కడికి జరపాలి.

చిన్న పెట్టె, చిన్న సంసారం

టెలిఫోను ధ్వనిని సెకనుకు 8,000 నమూనాలుగా, ఒక్కో నమూనాను ఒక బైటుగా దాస్తే నిమిషానికి 4,80,000 బైట్లవుతుంది. జీఎస్ఎం పద్ధతిలో కుదిస్తే సుమారు 1,00,000 బైట్లు చాలు. చోటు తక్కువైన పెట్టెలో ఇది పెద్ద పొదుపు.

జ్ఞాపకశక్తి విషయంలోనూ పొదుపు కావాలి. ఒక్కో కాల్‌కు ఒక్కో స్క్రిప్టు విడిగా మొదలవుతుంది. పదిమంది ఒకేసారి పిలిస్తే పది నడుస్తాయి. భారీ భాషలో రాస్తే పెట్టె చతికిలబడుతుంది. అందుకే అనేక లినక్స్ ఆజ్ఞలను ఒకే చిన్న ప్రోగ్రాములో ఇమిడ్చిన బిజీబాక్స్ వంటివాటిని ఇక్కడ వాడతారు. ఫ్లాష్ జ్ఞాపకాన్ని చెరిపి రాయడానికి ఒక హద్దు ఉంది. అందువల్ల నిమిషనిమిషానికీ పెరిగే చిట్టాను దానిపై కాక, తాత్కాలిక జ్ఞాపకంలో రాయడం మేలు.

ఎక్కడ తప్పుతుంది?

రైతు మధ్యలో ఫోను పెట్టేస్తే ఎక్స్ఛేంజి స్క్రిప్టుకు ఒక సంకేతం పంపుతుంది. దాన్ని పట్టించుకోని స్క్రిప్టులు ఆగకుండా పేరుకుపోతే, చివరకు కొత్త కాల్ ఎత్తడానికి జ్ఞాపకం మిగలదు.

రెండోది భద్రత. పిలిచినవారి నంబరును దొంగతనంగా మార్చవచ్చు. వచ్చిన ప్రతి నంబరుకూ గుడ్డిగా తిరిగి పిలిస్తే ఖరీదైన విదేశీ కాళ్ల బిల్లు పెట్టె యజమాని నెత్తిన పడుతుంది. పది అంకెల దేశీయ మొబైల్ నంబరు అయితేనే పిలవాలి. తేలికపాటి పాస్‌వర్డుతో పెట్టెను ఇంటర్నెట్టుకు తగిలించినా ఇదే ప్రమాదం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ రోజు ధరల ఫైలు రాలేదనుకోండి. జాగ్రత్త లేని స్క్రిప్టు నిన్నటి ధరనే చక్కని గొంతుతో వినిపిస్తుంది. పెట్టెలో ఏ లోపమూ కనబడదు. నష్టపోయేది బండి కట్టిన రైతు. కాబట్టి స్క్రిప్టు ముందుగా ఫైలు తేదీ చూడాలి. పాతదైతే ‘నేటి ధర ఇంకా అందలేదు’ అని చెప్పాలి.

దీన్ని మీరూ ప్రయత్నించవచ్చు. ఒక పాత కంప్యూటరులో లినక్స్, ఆస్టరిస్క్ ఎక్కించండి. ఫోనులా పనిచేసే ఉచిత ప్రోగ్రాములను రెండు మొబైళ్లలో పెట్టుకుంటే, సిమ్ లేకుండా ఇంటి వైఫై మీదే కాళ్లు కలుస్తాయి. బయటి టెలిఫోను వ్యవస్థకు కలపాలంటే మాత్రం ముందు టెలికాం నిబంధనలు తెలుసుకోవాలి. నొక్కిన అంకెను తిరిగి పలికే స్క్రిప్టుతో మొదలుపెట్టండి. తర్వాత తేదీ చూసే ఆ రెండు వరుసలు చేర్చండి. రైతు ఆ పెట్టె మాటను నమ్మగలిగేది వాటివల్లనే.