గిట్ హుక్స్: కోడ్‌తోపాటు పాస్‌వర్డ్ కూడా వెళ్లిపోతోందా? కమిట్ దగ్గరే ఆపేసే ఏర్పాటు గిట్‌లోనే ఉంది.. కానీ ఒక మెలిక!

ఉబర్ కంపెనీకి 2016లో గట్టి దెబ్బే తగిలింది. ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు హ్యాకర్ల చేతికి చిక్కాయి. ఇందుకోసం వాళ్లు పెద్ద విద్యలేమీ ప్రదర్శించలేదు. ఇంజినీర్లు కోడ్ దాచుకునే ప్రైవేట్ గిట్‌హబ్ రిపోజిటరీలోకి దూరారు. ఆ కోడ్ మధ్యలోనే అమెజాన్ క్లౌడ్‌లోకి వెళ్లే యాక్సెస్ కీ దొరికింది. అంతే.. తలుపు తెరుచుకుంది.

ఆ సంగతి కంపెనీ బయటపెట్టింది 2017 నవంబర్‌లో. ఈలోగా హ్యాకర్లకు లక్ష డాలర్లు ముట్టాయి. 2018లో అమెరికా రాష్ట్రాలతో రాజీ కోసం 14.8 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. విచిత్రం ఏంటంటే, 2014లోనూ ఇలాంటిదే జరిగింది. అప్పుడు ఒక ఇంజినీర్ గిట్‌హబ్‌లో అందరికీ కనపడేలా పెట్టిన కీ వల్లే డ్రైవర్ల డేటా పోయింది.

కోడ్‌లో కీ మర్చిపోవడం పెద్ద కంపెనీలకే పరిమితం కాదు. ప్లేస్‌మెంట్స్ కోసం ప్రాజెక్టును గిట్‌హబ్‌లో పెట్టే బీటెక్ కుర్రాళ్ల దగ్గర్నుంచి పదేళ్ల అనుభవం ఉన్న డెవలపర్ల దాకా ఎవరైనా చేసే పొరపాటే. పబ్లిక్ కోడ్‌లో ఇలాంటి కీలు వెతకడానికే కొన్ని బాట్‌లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. వాటి కంట పడితే క్లౌడ్ బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

దీన్ని మొదట్లోనే పట్టుకునే మార్గమే గిట్ హుక్.

అసలు హుక్ అంటే ఏంటి?

లినస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్, కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ చరిత్రలా దాచిపెడుతుంది. ఒక మార్పును ఖాయం చేయడాన్ని కమిట్ అంటారు. దాన్ని సర్వర్‌కు పంపడం పుష్. ఈ పనులు జరిగే దారిలో అక్కడక్కడా కొక్కేలు ఉంటాయి. వాటికి మన సొంత ప్రోగ్రామ్‌ను తగిలించొచ్చు. అందుకే హుక్ అన్న పేరు.

గిట్ వాడే ఏ ప్రాజెక్టులోనైనా 'డాట్ గిట్' అనే దాగి ఉన్న ఫోల్డర్, దాని లోపల 'హుక్స్' అనే ఇంకో ఫోల్డర్ ఉంటాయి. మామూలుగా అందులో కొన్ని నమూనా ఫైళ్లు ముందే పడి ఉంటాయి. చాలామంది ఏళ్ల తరబడి గిట్ వాడుతూ కూడా ఆ ఫోల్డర్ తెరిచి చూసి ఉండరు. ఫైల్ పేరు చివరున్న 'శాంపిల్' అనే తోక తీసేస్తే హుక్ పనిలోకి దిగుతుంది. కొత్తగా రాసుకున్న ఫైల్‌కైతే లినక్స్, మ్యాక్‌లలో రన్ అయ్యే అనుమతి కూడా ఇవ్వాలి. అది ఇవ్వకపోతే గిట్ ఆ ఫైల్‌ను పట్టించుకోదు.

అన్నిటికంటే ఎక్కువగా వాడేది ప్రీ-కమిట్ హుక్. కమిట్ కొట్టగానే, మార్పు ఖాయం కాకముందే ఇది నడుస్తుంది. లెక్క చాలా సింపుల్. ప్రోగ్రామ్ చివర్లో సున్నా చెబితే దారి ఇస్తుంది. సున్నా కాకుండా ఇంకే అంకె చెప్పినా కమిట్ ఆగిపోతుంది. షెల్, పైథాన్.. ఏ భాషలో రాసినా ఫర్వాలేదు.

ఉదాహరణకు అమెజాన్ క్లౌడ్ శాశ్వత యాక్సెస్ కీ ఐడీలు ఏ, కె, ఐ, ఏ అనే నాలుగు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతాయి. ఆ నాలుగక్షరాల వెనుక ఇంకో 16 అక్షరాలు లేదా అంకెలు కనిపిస్తే కమిట్ ఆపేయమని నాలుగైదు లైన్లలో రాసేయొచ్చు. అంత ఓపిక లేనివాళ్లకు గిట్‌లీక్స్, డిటెక్ట్-సీక్రెట్స్ లాంటి ఉచిత టూల్స్ ఉన్నాయి. అవి రకరకాల కంపెనీల కీల ఆకారాలను గుర్తుపడతాయి. అయితే ఎవరో సొంతంగా పెట్టుకున్న చిన్న పాస్‌వర్డ్‌ను ఇవి పట్టుకుంటాయన్న గ్యారంటీ లేదు. ఒక్కోసారి కీ కానిదాన్ని కూడా కీ అనుకుని ఆపేస్తాయి.

కోడ్ ఫార్మాటింగ్, సింటాక్స్ తప్పులు, డీబగ్ కోసం పెట్టి తీయడం మర్చిపోయిన ప్రింట్ లైన్లు కూడా ఇక్కడే చెక్ చేయించొచ్చు. కమిట్ మెసేజ్‌ను చూడటానికి కమిట్-మెసేజ్ హుక్, సర్వర్‌కు పంపేముందు చూడటానికి ప్రీ-పుష్ హుక్ వేరుగా ఉన్నాయి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే..

హుక్ రాసేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. గిట్‌లో ఫైల్‌ను మార్చడం వేరు, ఆ మార్పును కమిట్ కోసం స్టేజ్ చేయడం వేరు. కీ ఉన్న ఫైల్‌ను స్టేజ్ చేశారనుకుందాం. తర్వాత గుర్తొచ్చి ఫైల్‌లో కీ తీసేశారు, కానీ మళ్లీ స్టేజ్ చేయలేదు. హుక్ గనక డిస్క్‌లో ఉన్న ఫైల్‌ను చూస్తే 'అంతా క్లీన్' అంటుంది. కమిట్‌లోకి వెళ్లేది మాత్రం కీ ఉన్న పాత కాపీ! అందుకే హుక్ చూడాల్సింది స్టేజ్ అయిన మార్పులనే. పైథాన్ వాళ్లు ఎక్కువగా వాడే 'ప్రీ-కమిట్' అనే ఫ్రేమ్‌వర్క్, స్టేజ్ కాని మార్పులను కాసేపు పక్కన పెట్టి మరీ చెక్ చేస్తుంది. సొంతంగా రాసుకునేవాళ్లు ఈ జాగ్రత్త తామే తీసుకోవాలి.

రెండోది స్పీడ్. ప్రతి కమిట్‌కూ టెస్టులన్నీ రన్ చేయిస్తే డెవలపర్ రెండు నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. రెండు రోజులు భరిస్తాడు, మూడో రోజు దాటేసే దారి వెతుక్కుంటాడు. క్షణాల్లో అయిపోయే చెక్‌లు కమిట్ దగ్గర, బరువైన టెస్టులు పుష్ దగ్గరో సర్వర్‌లోనో ఉంచితేనే హుక్ బతుకుతుంది.

మెలిక ఏంటంటే..

దాటేసే దారి గిట్టే ఇచ్చింది. కమిట్ కమాండ్ చివర 'నో-వెరిఫై' అని చేర్చితే ప్రీ-కమిట్, కమిట్-మెసేజ్ హుక్స్ రెండూ పక్కకు తప్పుకుంటాయి. పుష్‌కూ అదే మంత్రం. అంటే ల్యాప్‌టాప్‌లోని హుక్ గుర్తుచేసే నేస్తమే తప్ప తాళం కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రాజెక్టును క్లోన్ చేసుకుంటే కోడ్ వస్తుంది, హుక్స్ రావు. సోమవారం టీమ్‌లో చేరిన కొత్త ఉద్యోగి ల్యాప్‌టాప్‌లో ఏ కాపలా ఉండదన్నమాట. ఇది లోపంలా కనిపించినా కావాలని పెట్టిన రక్షణే. క్లోన్‌తోపాటు హుక్స్ కూడా వచ్చి నడిచేస్తే, ముక్కూమొహం తెలియనివాడి ప్రోగ్రామ్ మన కంప్యూటర్‌లో రన్ అయిపోతుంది. ఈ భయం ఊహ కాదు. 2024 మే నెలలో గిట్‌లో సరిగ్గా అలాంటి లోపమే బయటపడింది. సబ్‌మాడ్యూల్స్‌తో కలిపి క్లోన్ చేసేటప్పుడు మోసపూరిత రిపోజిటరీ తన హుక్‌ను నడిపించగలిగేది. హడావుడిగా కొత్త వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిదిద్దారు. పాత గిట్ వాడుతున్నవాళ్లు అప్‌డేట్ చేసుకోవడం మంచిది.

మరి టీమ్ అందరికీ హుక్స్ చేరేదెలా? హుక్స్‌ను ప్రాజెక్టులోని మామూలు ఫోల్డర్‌లో ఉంచి, 'ఇక్కడ చూడు' అని గిట్‌కు చెప్పే సెట్టింగ్ 2016లో వచ్చిన 2.9 వెర్షన్ నుంచి ఉంది. ఒక్కొక్కరు ఒక్కసారి ఒక కమాండ్ కొడితే చాలు. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్లో హస్కీ అనే టూల్, ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఈ పని కానిచ్చేస్తుంది.

అసలు తాళం మాత్రం సర్వర్ దగ్గర వేయాలి. సొంత గిట్ సర్వర్ నడిపే కంపెనీలు ప్రీ-రిసీవ్ హుక్ పెట్టుకోవచ్చు. అక్కడ 'నో-వెరిఫై' పప్పులు ఉడకవు. గిట్‌హబ్ కూడా పబ్లిక్ రిపోజిటరీల్లోకి కీలు వస్తుంటే పుష్ దగ్గరే అడ్డుకునే రక్షణను 2024 నుంచి అందరికీ ముందుగానే ఆన్ చేసి ఇస్తోంది.

కీ ఇప్పటికే వెళ్లిపోయిందా?

పుష్ చేయకపోతే కంగారు లేదు. చివరి కమిట్‌లోనే ఉంటే కీ తీసేసి ఆ కమిట్‌ను సవరించుకోవచ్చు. పుష్ అయిపోతే మాత్రం ఫైల్‌లోంచి తీసేసి ఇంకో కమిట్ కొట్టడం వల్ల లాభం లేదు. పాత కమిట్‌లో కీ అలాగే ఉంటుంది, చరిత్ర తిరగేసిన ఎవరికైనా కనిపిస్తుంది. ముందు క్లౌడ్ ఖాతాలోకి వెళ్లి ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఈలోగా దాన్ని ఎవరైనా వాడారేమో లాగ్స్ చూసుకోవాలి. గిట్ చరిత్రను శుభ్రం చేసే పని ఆ తర్వాతే.