బోంజూర్ తర్వాత ఏంటి?

తూలూజ్‌లో దిగిన నాలుగో నెల. రాత్రి రెండు దాటింది. నా రూమ్మేట్ కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. ఫ్రాన్స్‌లో మెడికల్ ఎమర్జెన్సీకి 15 నొక్కాలి. నొక్కాను. అప్పటికి నా ఫోన్‌లో ఉన్న ఫ్రెంచ్ ఆప్‌లో 300 రోజుల స్ట్రీక్ నడుస్తోంది. 'పిల్లి పాలు తాగుతోంది' అని తడుముకోకుండా చెప్పగలను. అవతల ఆవిడ గడగడా అడిగిన మొదటి ప్రశ్నలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

అడ్రస్ అడుగుతోందని ఊహించి చెప్పడం మొదలుపెట్టాను. మా బిల్డింగ్ నెంబర్ 94. ఫ్రెంచ్‌లో 94 అంటే 'నాలుగు ఇరవైలు, పైన పద్నాలుగు' అని చెప్పాలి. కంగారులో పద్నాలుగుకి బదులు నాలుగు అనేశా. 84 అయిపోయింది. ఈ గోలకి ఎదురింటి ముసలావిడ లేచి వచ్చి, నా చేతిలో ఫోన్ లాక్కుని, అర నిమిషంలో అంతా చెప్పేసింది. నెంబర్, ఎన్నో అంతస్తు, కింద గేటు కోడ్‌తో సహా. అపెండిక్స్. తెల్లారేసరికి ఆపరేషన్ అయిపోయింది, వాడు బతికి బట్టకట్టాడు. నాకు మాత్రం ఆ 84 గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ వారమే కూర్చుని లెక్క తీశాను. మనుషులతో మాట్లాడే స్థాయికి ఫ్రెంచ్ రావాలంటే నిజంగా ఎంత టైమ్ పడుతుంది? యూట్యూబ్‌లో అడిగితే 'మూడు నెలలు' అంటారు. ఆ మూడు నెలల్లో రోజుకి ఎన్ని గంటలో చెప్పరు. కిటుకంతా అక్కడే ఉంది. అడగాల్సింది నెలలు కాదు, గంటలు.

అమెరికా విదేశాంగ శాఖకి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటుంది, దౌత్యవేత్తలకి భాషలు నేర్పే బడి. ఇంగ్లిష్ వచ్చినవాళ్ళకి తేలికైన భాషల గుంపులో వాళ్ళు ఫ్రెంచ్‌ని పెట్టారు. దానికి దాదాపు 700 క్లాసు గంటలు అంటారు. (మన తెలుగుకి వెయ్యికి పైనే. కాలర్ ఎగరేసుకోండి.) అది ఆఫీసు పని చక్కబెట్టుకునే స్థాయికి. పైగా వాళ్ళకి నేర్చుకోవడమే ఉద్యోగం, హోంవర్క్ వేరే.

యూరప్‌లో భాషని ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లుగా కొలుస్తారు. తడబడుతూ అయినా సొంతంగా నెగ్గుకొచ్చే మెట్టు బి1. దానికి దాదాపు 350 నుంచి 400 గంటలు అంటారు. అవతలివాళ్ళకి విసుగు రాకుండా మాట్లాడగలిగేది బి2, 600 గంటల చుట్టుపక్కల. ఇవి ఉత్త సర్టిఫికెట్లు కావు. ఫ్రెంచ్ పౌరసత్వానికి ఇంతకుముందు బి1 సరిపోయేది, 2026 జనవరి 1 నుంచి బి2 కావాలి. పదేళ్ళ రెసిడెంట్ కార్డుకి ఎ2 నుంచి బి1కి పెంచారు. ఇక్కడే ఉండిపోదామనుకునేవాళ్ళకి ఈ గంటల లెక్కే జీవితం అన్నమాట.

మరి నా స్ట్రీక్ సంగతి? రోజుకి 20 నిమిషాలు, 300 రోజులు. మొత్తం 100 గంటలు. అందులో నేను నోరు విప్పి మనిషితో మాట్లాడింది సున్నా. బగ్ దొరికింది.

ఇంకో బగ్ చెవిలో ఉంది. పుస్తకంలో 'నాకు తెలీదు' అనడానికి 'జ న సే పా' అని నేర్పుతారు. వీధిలో అది 'షే పా'. 'మేము' అనడానికి పుస్తకంలో 'ను', నోట్లో ఎప్పుడూ 'ఓఁ'. మనం 'వచ్చుచున్నాడు' అని నేర్చుకుని వచ్చి 'వస్తుండు' అనే ఊళ్ళో దిగినట్టే. అందుకే నేను ఆప్ తగ్గించి, ఆర్‌ఎఫ్‌ఐ రేడియోలో తేలిక ఫ్రెంచ్‌లో రోజూ వచ్చే పది నిమిషాల వార్తలు పట్టుకున్నా. ఒకసారి వినడం, రాసింది చూస్తూ మళ్ళీ వినడం.

అయితే తెలుగువాళ్ళకి కొన్ని కలిసొస్తాయి, ఎవరూ చెప్పరు గానీ. ఫ్రెంచ్ 'త', 'ద' మన త, ద లాంటివే, నాలుక పళ్ళకి తగలాలి. అక్కడ ఇంగ్లిష్ 'ట' పలికితేనే యాస కొడుతుంది. 'త్యు', 'వు' అంటే నువ్వు, మీరు. ఎవరిని ఏమనాలో మనకి చిన్నప్పుడే తెలుసు. నా ఇంగ్లిష్ కొలీగ్ ఇప్పటికీ తికమకపడతాడు. ఏడిపించేది మాత్రం వస్తువుల లింగం. టేబుల్ స్త్రీలింగం, దాని మీదున్న పుస్తకం పుంలింగం. ఎందుకు అని అడక్కండి. పదాన్ని 'ల్యూ'నో 'లా'నో కలిపే బట్టీపట్టాలి, వేరే దారి లేదు.

ఇక మాట్లాడడం. ప్రతి మంగళవారం సాయంత్రం ఎదురింటి ఆవిడ దగ్గరికి వెళ్తున్నా. థ్యాంక్స్ చెప్పడానికి పులిహోర పట్టుకెళ్తే మొదలైంది. ఆవిడకి ఇంగ్లిష్ ముక్క రాదు, అదే నా అదృష్టం. ఆఫీసులో నేను తడబడగానే అందరూ మర్యాదకి ఇంగ్లిష్‌లోకి మారిపోతారు, ఆ మర్యాదే కొంప ముంచేది. ఈవిడ ఆగుతుంది, తప్పు దిద్దుతుంది, మళ్ళీ చెప్పిస్తుంది. మొదటి నెలలో గంట కూర్చుంటే తలనొప్పి వచ్చేది. మూడో నెలలో ఆవిడ చనిపోయిన భర్త గురించి చెబుతుంటే మధ్యలో ఆపి అర్థం అడగలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. వారానికి ఆరు గంటల క్లాసు, రోజూ అరగంట వినడం, వారానికోసారి మనిషితో మాట. ఇలా అయితే ఏడాదికి 450 గంటలకి పైనే అవుతాయి. ఉద్యోగం చేస్తూ అంతకన్నా తొందరగా వస్తుందంటే నేను నమ్మను.

నా ఎక్సెల్ షీట్‌లో ఇప్పుడు 480 గంటలు. పోయిన నెల డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే తీసుకున్నా, ఒక్క ఇంగ్లిష్ ముక్క లేకుండా. లంచ్ టేబుల్ దగ్గర నలుగురూ ఒకేసారి నవ్వితే మాత్రం ఇంకా అర సెకను లేటుగా నవ్వుతున్నా. రూమ్మేట్ ఈ మధ్యే క్లాసులో చేరాడు. మొదటి రోజే టీచర్‌ని అంకెలు ముందు నేర్పమన్నాడట.