బవరీ మిషన్ ఎవరి సొమ్ముతో నడుస్తుంది? వీధి మిషన్లపై అపోహలు – వాస్తవాలు

అమెరికా నగరాల్లో తలదాచుకోవడానికి చోటు లేనివారికి పూటకింత భోజనం, రాత్రికి పడక, స్నానానికి నీళ్లు, ఒంటికి బట్ట సమకూర్చి, మద్యానికీ మత్తుమందులకూ లోబడినవారు వాటి నుంచి బయటపడేందుకు తోడ్పడే క్రైస్తవ సేవాసంస్థలను వీధి మిషన్లనీ, రెస్క్యూ మిషన్లనీ వ్యవహరిస్తారు. వీటిలో మొదటిదిగా పేర్కొనేది 1872లో జెర్రీ మెకాలే, ఆయన భార్య మరియా న్యూయార్క్ రేవు పక్కన వాటర్ స్ట్రీట్‌లో తెరిచిన మిషన్. 1879లో ఆల్బర్ట్ రులిఫ్సన్ అనే పాస్టరు, ఆయన భార్య కలిసి మన్‌హటన్ దక్షిణ భాగంలోని బవరీ వీధిలో ప్రారంభించిన బవరీ మిషన్ నేటికీ అదే వీధిలో పనిచేస్తోంది. 1913లో ఇటువంటి సంస్థలు కొన్ని కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య ప్రస్తుతం సిటీగేట్ నెట్‌వర్క్ అనే పేరుతో ఉంది. అందులో మూడు వందలకు పైగా సంస్థలు సభ్యులు.

అమెరికాలోని తెలుగు సంఘాల స్థానిక శాఖలు ఆహార సేకరణలు జరపడం, నిరాశ్రయుల భోజనశాలల్లో వడ్డనకు వెళ్లడం మామూలైంది కనుక, తెలుగు కుటుంబాలలోనూ ఈ సంస్థల గడప తొక్కినవారు తక్కువేమీ కాదు. అయినా ఇవి ఏ ఆధారంతో నిలబడుతున్నాయో, ఇచ్చినదంతా ఎక్కడికి పోతుందో, ఎప్పుడు ఏది అవసరమో అన్న విషయాల్లో పొరపాటు అభిప్రాయాలు బలంగా పాతుకుపోయాయి. అవి ఇచ్చేవారి చేతిని వెనక్కి లాగుతాయి, కొన్నిసార్లు అక్కర లేని వైపు తిప్పుతాయి కూడా. అందువల్ల వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించడం అవసరం.

అపోహ: ఇవన్నీ ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఆశ్రయాలే

న్యూయార్క్ నగరానికి సొంత ఆశ్రయ వ్యవస్థ ఉన్న మాట నిజమే. నిరాశ్రయుల పక్షాన రాబర్ట్ హేస్ అనే న్యాయవాది వేసిన కేసులో 1981లో కుదిరిన అంగీకార ఉత్తర్వు ప్రకారం, అడిగిన నిరాశ్రయ పురుషులకు పడక చూపించవలసిన బాధ్యత నగరపాలనపై పడింది. ఆ ఉత్తర్వుకు కాలహాన్ అనే పేరు వచ్చినది వాదిగా నిలిచిన ఒక నిరాశ్రయుడి వల్ల. అది వెలువడే నాటికి ఆయన బతికి లేడు. కానీ బవరీ మిషన్ ఆ ఉత్తర్వుకు నూరేళ్లకు పైగా ముందే పుట్టినది, దాని పునాది ప్రజల విరాళాలు. కొన్ని మిషన్లు ప్రత్యేక కార్యక్రమాల కోసం ప్రభుత్వ నిధులు తీసుకుంటాయి. 1996 నాటి సంక్షేమ సంస్కరణ చట్టం మత సంస్థలకూ ఆ దారి తెరిచింది. అయితే ప్రభుత్వం నేరుగా ఇచ్చిన సొమ్మును ఆరాధనకో, మతబోధకో వాడరాదన్న షరతు దానితోపాటే ఉండడంతో, ప్రార్థనను తమ పనిలో విడదీయరాని భాగంగా భావించే మిషన్లు అనేకం ఆ నిధులకు దూరంగానే ఉండిపోయాయి.

ఈ దూరాన్ని చిట్టచివరి హద్దు దాకా పాటించిన వ్యక్తి డొరొతీ డే. 1933లో పీటర్ మోరిన్‌తో కలిసి కాథలిక్ వర్కర్ ఉద్యమాన్ని ప్రారంభించిన ఆమె, బవరీకి కూతవేటు దూరంలో పేదల కోసం ఆతిథ్య గృహం నడిపారు. సబ్‌వే రైలు నిర్మాణానికి నగరపాలన ఆ ఇంటిని తీసుకుని, పరిహారంతోపాటు చెల్లింపు ఆలస్యమైనందుకు 3,579 డాలర్ల 39 సెంట్ల వడ్డీ ఇస్తే, వడ్డీకి డబ్బు తిప్పడం తమ విశ్వాసానికి విరుద్ధమంటూ 1960లో ఆ మొత్తాన్ని ఆమె తిప్పి పంపారు. ఆమె గృహానికి పన్ను మినహాయింపు హోదా కూడా కోరలేదు. అందరికీ సాధ్యమయ్యే మార్గం కాకపోయినా, ప్రజల చేతి విరాళం మీదే ఒక వంటశాల దశాబ్దాల తరబడి నడవగలదని అది రుజువు చేసింది.

అపోహ: ఒక మహాదాత అండ లేకుండా ఇంతకాలం నిలవడం అసాధ్యం

తెలుగువారికి అన్నదానం అనగానే గోదావరి సీమలో లంకల గన్నవరంలోని తన ఇంటినే అన్నసత్రంగా మార్చిన డొక్కా సీతమ్మ గుర్తుకు వస్తారు. అక్కడ ఆధారం ఒక కుటుంబపు పంట, ఒక ఇల్లాలి దీక్ష. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానానిది మరొక పద్ధతి: భక్తుల విరాళాలను మూలధనంగా డిపాజిట్ చేసి, దానిపై వచ్చే వడ్డీతో భోజనం పెట్టడం. వీధి మిషన్ సాధారణంగా ఈ రెండింటిలో ఏదీ కాదు. పొలమూ లేక, చాలినంత మూలధనమూ లేక, ఈ నెల వచ్చిన విరాళం ఈ నెలే ఖర్చయ్యే స్థితిలో అది జీవిస్తుంది.

బవరీ మిషన్ చరిత్రలోనూ ఒక పెద్ద పేరు కనిపిస్తుంది. ఆర్థికంగా కుంగిపోయిన ఆ సంస్థను 1895లో లూయీ క్లాప్ష్ అనే పత్రికాధిపతి తన చేతికి తీసుకున్నారు. కానీ ఆయన చేసిన మేలు కేవలం సొంత ధనం ధారపోయడం కాదు. క్రిస్టియన్ హెరాల్డ్ అనే తన వారపత్రిక పాఠకులను, అంటే దేశమంతటా చిన్న ఊళ్లలో ఉండే సామాన్య కుటుంబాలను, ఆయన దాతలుగా మలిచారు. తపాలాలో వచ్చే అటువంటి చిన్న మొత్తాలే చలికాలపు రాత్రులలో బవరీ వీధిలో రొట్టెకూ కాఫీకీ బారులు తీరినవారి ఆకలి తీర్చాయి. అదే పాఠకులు 1897లోనూ 1900లోనూ భారతదేశపు కరవు బాధితుల కోసం ఓడలలో మొక్కజొన్న పంపించారన్న సంగతి తెలుగు పాఠకులు తప్పక గుర్తుంచుకోదగినది. క్లాప్ష్ 1910లో మరణించినా మిషన్ మూతపడలేదు; అది ఆయన ఒక్కరి సొమ్ము మీద ఆధారపడి ఉంటే అప్పుడే ముగిసిపోయేది.

ఇక్కడ విరాళాలలోని ఒక భేదాన్ని వివరించవలసి ఉంది. దాత ఫలానా పనికే వాడాలని నిర్దేశించి ఇచ్చేది షరతుతో కూడిన విరాళం. ఏ అవసరానికైనా వాడుకోండని ఇచ్చేది షరతు లేని విరాళం. పెద్ద మొత్తాలు తరచుగా మొదటి రకానివి: కొత్త భవనం, పేరు చెక్కిన గది, ప్రత్యేక పథకం. కరెంటు బిల్లు, పాడైన నీటి హీటరు, రాత్రి కాపలాదారు జీతం, దుప్పట్లు ఉతికే ఖర్చు వంటివి ఏ శిలాఫలకానికీ ఎక్కవు కాబట్టి, నెలనెలా పదీ ఇరవై డాలర్లు పంపే అనామక దాతల షరతు లేని సొమ్ము మీదనే అవి ఎక్కువగా ఆధారపడతాయి. అందువల్ల మిషన్ నిర్వాహకుల దృష్టిలో, పెద్ద మొత్తం ఒకసారి ఇచ్చి మాయమైన దాతకన్నా, తప్పకుండా ప్రతి నెలా ఇచ్చే చిన్న దాత ఇచ్చే ధైర్యం ఎక్కువ: వచ్చే నెల ఎంత వస్తుందో తెలిస్తేనే వచ్చే నెల ఎన్ని పడకలు వేయగలరో తెలుస్తుంది.

అపోహ: దాతలంతా పన్ను తగ్గించుకోవడానికే ఇస్తారు

అమెరికాలో గుర్తింపు పొందిన సేవాసంస్థలకు ఇచ్చిన విరాళాన్ని పన్ను లెక్కలో చూపుకోవాలంటే 2025 పన్ను సంవత్సరం వరకు సాధారణంగా ఖర్చులన్నిటినీ విడివిడిగా నమోదు చేయవలసి వచ్చేది. 2017 నాటి పన్ను చట్టం ఎవరికైనా లభించే ప్రామాణిక మినహాయింపును ఒంటరి వ్యక్తికి 6,350 డాలర్ల నుంచి 12,000 డాలర్లకు పెంచడంతో, విడివిడిగా లెక్క చూపేవారు పదిమందిలో ఒకరి స్థాయికి తగ్గిపోయారు. అంటే ఆ తరువాతి సంవత్సరాలలో నెలకు ఇరవై డాలర్లు పంపిన సగటు దాతకు పన్నులో దక్కినది దాదాపు ఏమీ లేదు. అయినా వారిలో ఎందరో ఇస్తూనే వచ్చారు.

అపోహ: వాలంటీర్లు ఉన్నచోట జీతాలెందుకు? నిర్వహణ ఖర్చంటేనే దుబారా

వాలంటీరు ఉచితంగా వచ్చినా, ఆ సేవను ఉపయోగంలో పెట్టడం ఉచితం కాదు. ఎవరు ఏ పూట వస్తారో పట్టిక వేయాలి, వారి నేపథ్యం సరిచూడాలి, వంటగది శుభ్రతా నియమాలు నేర్పాలి, ఆగ్రహంతోనో మతి చలించిన స్థితిలోనో ఉన్న అతిథిని ఎలా పలకరించాలో చెప్పాలి. రాత్రి రెండు గంటలకు ఊపిరాడని స్థితిలో ఒక మనిషి తలుపు తడితే అక్కడ ఉండవలసింది శిక్షణ పొందిన ఉద్యోగి, వారానికొక పూట వచ్చే శ్రేయోభిలాషి కాదు. వ్యసనం నుంచి కోలుకోవడానికి నెలల తరబడి మిషన్‌లోనే ఉండేవారికి ఒకే సలహాదారు అండగా కొనసాగకపోతే ఆ ప్రయత్నం మధ్యలోనే తెగిపోతుంది.

సంస్థ ఖర్చులో పరిపాలనకూ విరాళాల సేకరణకూ పోయే భాగాన్ని నిర్వహణ వ్యయం అంటారు. అది ఎంత తక్కువైతే సంస్థ అంత మంచిదన్న నమ్మకం ఎంత హానికరమో, దాతలకు సంస్థల వివరాలు అందించే గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ అధిపతులు 2013లో ఉమ్మడి బహిరంగ లేఖ రాసి మరీ చెప్పారు. లెక్కలు దాచే సంస్థను అనుమానించడం సబబే. కానీ గుమాస్తాకు జీతమిచ్చి లెక్కలు సరిగా రాయించే సంస్థను ఆ జీతం కారణంగానే తప్పుపట్టడం అన్యాయం.

అపోహ: పండగ రోజుల్లోనే వీరికి సాయం అవసరం

నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ నుంచి క్రిస్మస్ వరకు మిషన్లకు జనం వెల్లువలా వస్తారు. వడ్డించే అవకాశం కోసం వారాల ముందే పేర్లు నిండిపోతాయి, విరాళాలలోనూ గణనీయమైన భాగం ఆ కొద్ది వారాలలోనే చేరుతుంది. 1909లో బవరీ మిషన్ ప్రస్తుత భవనానికి మారిన తరువాత అధ్యక్షుడు విలియం టాఫ్ట్ అక్కడికి వచ్చి మాట్లాడినది కూడా డిసెంబరు నెలలోనే. జనవరి గడిచాక ఆ వెల్లువ తగ్గిపోతుంది. ఎండాకాలంలో బడులు మూసి కుటుంబాలు విహారాలకు వెళ్లినప్పుడు వాలంటీర్లు పలచబడతారు. వడదెబ్బ, దాహం వీధిలో ఉన్నవారిని పీడించేది సరిగ్గా అప్పుడే. ఫిబ్రవరిలో ఒక మంగళవారం కూరగాయలు తరగడానికి వచ్చే మనిషి విలువ వంటశాల నడిపేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అపోహ: ఇంట్లో అక్కర లేనిది ఏదైనా ఇస్తే వారికి పనికొస్తుంది

పాత బట్టల మూటలు గుమ్మం ముందు పోగుపడితే, వాటిని వేరుచేయడానికి మనుషులు, నిలువకు చోటు, పనికిరానివి పారేయడానికి రవాణా ఖర్చు కావాలి. మిషన్లు తరచుగా అడిగేవి కొత్త మేజోళ్లు, కొత్త లోదుస్తులు, చలికోట్లు, పురుషుల బూట్లు. రోజంతా నడిచే మనిషికి తడిసిన మేజోడు కాలి పుండుగా మారుతుంది.

ఆహారం ఇవ్వడానికి వెనకాడేవారిలో వేరొక భయం కనిపిస్తుంది: తిన్నవారికి జబ్బు చేస్తే తమపై కేసు పడుతుందన్న భయం. సద్భావంతో ఇచ్చిన ఆహారం విషయంలో, ఘోరమైన నిర్లక్ష్యమో ఉద్దేశపూర్వక దుష్కార్యమో ఉంటే తప్ప దాతపై బాధ్యత మోపరాదని 1996లో అమెరికా కాంగ్రెస్ చేసిన బిల్ ఎమర్సన్ చట్టం స్పష్టం చేసింది. న్యూయార్క్‌లో 1982లో మొదలైన సిటీ హార్వెస్ట్ వంటి సంస్థలు హోటళ్లు, దుకాణాలు, టోకు మార్కెట్ల వద్ద మిగిలిన మంచి ఆహారాన్ని సేకరించి వంటశాలలకు చేరవేస్తాయి.

అపోహ: ఇచ్చేవారు వేరు, పుచ్చుకునేవారు వేరు

మిషన్ల చరిత్ర మొదలైనదే ఈ గీతను చెరిపేస్తూ. జెర్రీ మెకాలే దోపిడీ నేరానికి సింగ్‌సింగ్ జైలులో శిక్ష అనుభవించి, 1864లో క్షమాభిక్షపై విడుదలైనవాడు. ఆయన మరణానంతరం 1886లో వాటర్ స్ట్రీట్ బాధ్యత స్వీకరించిన శామ్యూల్ హాడ్లీ, అంతకు నాలుగేళ్ల ముందు తాగుడుకు బానిసై మెకాలే మిషన్ గుమ్మం తొక్కినవాడు. నేటికీ మిషన్ వంటగదిలో గరిటె పట్టేవారిలో, కొత్తగా వచ్చినవాడికి పడక చూపించేవారిలో, ఒకప్పుడు అదే వరుసలో నిలబడినవారు ఉంటారు. సిగ్గుతో తల వంచుకుని వచ్చిన మనిషిని ఆ స్థితి దాటినవారు పలకరించడంలో ఉండే ఊరట బయటివారెవరూ ఇవ్వలేనిది.

అపోహ: ఉచిత భోజనమే వారిని వీధిలో ఉంచుతోంది

బవరీ వీధే దీనికి సమాధానం చెబుతుంది. ఒకప్పుడు ఆ వీధి నిండా రాత్రికింత అని అద్దె తీసుకునే చౌక బసలు ఉండేవి. మద్యానికి బానిసైనవాడికైనా అక్కడ ఒక పడక దొరికేది. గత శతాబ్దపు రెండో సగంలో న్యూయార్క్ అటువంటి చౌక గదులలో అత్యధిక భాగాన్ని పోగొట్టుకుంది. 2007లో బవరీ మిషన్‌కు సరసన న్యూ మ్యూజియం అనే కళాభవనం తెరుచుకునే నాటికి ఆ చుట్టుపక్కల ఖరీదైన నివాసాలు లేస్తున్నాయి. అమెరికా నగరాలను పోల్చి చూసిన గ్రెగ్ కోల్‌బర్న్, క్లేటన్ పేజ్ ఆల్డర్న్ 2022లో వెలువరించిన గ్రంథంలో, కొన్ని నగరాలలో నిరాశ్రయులు ఎక్కువగా ఉండడానికి అక్కడి అద్దెలు, ఖాళీ ఇళ్ల కొరత కారణమే తప్ప, అక్కడివారికి వ్యసనాలో మానసిక రుగ్మతలో ఎక్కువ కావడం కాదని నిరూపించే ఆధారాలు చూపారు. వ్యసనం ఒక మనిషి పడిపోవడానికి కారణం కావచ్చు, కానీ పడినవాడికి చౌక గది దొరకడమా, కాలిబాట దొరకడమా అన్నది ఆ ఊరి అద్దెలు తేల్చే విషయం. 2024 జనవరిలో ఒక రాత్రి జరిగిన దేశవ్యాప్త గణనలో 7,71,480 మంది నిరాశ్రయులుగా తేలారు. అంతమందిని సూపు గిన్నె వీధికి లాగిందనడం వాస్తవానికి పొసగదు.

అపోహ: మిషన్లు ఉన్నాయి కనుక నగరం ఏమీ చేయనక్కర లేదు

ఈ అపోహే అన్నిటికన్నా ప్రమాదకరమైనది, దీనికి తాజా ఉదాహరణ ఓరెగాన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్. సుమారు 38,000 జనాభాలో ఆరు వందల మంది వరకు నిరాశ్రయులున్న ఆ పట్టణంలో పెద్దవారికి ఆశ్రయంగా ప్రధానంగా కనిపించేది గాస్పెల్ రెస్క్యూ మిషన్ అనే ప్రైవేటు సంస్థ. అక్కడ ఉండాలంటే పొగతాగరాదు, ప్రార్థనలకు హాజరు కావాలి, మిషన్ కోసం పనిచేయాలి. విరాళాలతో నడిచే సంస్థకు తన విశ్వాసానుసారం నియమాలు పెట్టుకునే హక్కు ఉంది. దాతలూ ఆ నియమాలు తెలిసే ఇస్తారు. కానీ బహిరంగ స్థలంలో దుప్పటి కప్పుకుని పడుకున్నవారికి ఆ పట్టణం జరిమానాలు విధించినప్పుడు, మిషన్ నియమాలకు ఒదగలేని రోగికీ, పొగ మానలేనివాడికీ, వేరొక మతస్థుడికీ పోయే చోటు ఏదన్న ప్రశ్న కోర్టుకెక్కింది. 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ జరిమానాలు రాజ్యాంగ విరుద్ధం కావని తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టణాలకు శిక్షించే వీలునిచ్చింది కానీ, పడకలను పెంచలేదు. పడకలు ఎన్ని వేయాలో, ఎవరికి వేయాలో మిషన్లు తమకు నెలనెలా వచ్చే విరాళాన్ని బట్టి నిర్ణయించుకుంటాయి. ఆ విరాళం ఇచ్చేవారు తమ స్తోమతకు తగినంత ఇవ్వగలరే గాని, ఊరంతటికీ ఇళ్లు కట్టవలసిన పన్నుల ఖజానా స్థానాన్ని భర్తీ చేయలేరు.