వార్తల్లో పదం: రీగర్జిటేషన్

ఎకో రిపోర్టులో ‘మైల్డ్ ఎంఆర్’ అని చూడగానే చాలామందికి గుండె జారిపోతుంది. ఎంఆర్ అంటే మైట్రల్ రీగర్జిటేషన్. గుండెలోని నాలుగు కవాటాల్లో ఒకటైన మైట్రల్ కవాటం పూర్తిగా మూసుకోక, ఎడమ జఠరికలోని రక్తం కొంత వెనక్కి, కర్ణికలోకి చిమ్ముతుంది. స్టెతస్కోపులో ‘లబ్-డబ్’ మధ్య ‘ఉష్’మని వినిపించే మర్మర్ ఇదే కావచ్చు. ఎకో తెరపై అది చిన్న రంగుల మంటలా మెరుస్తుంది.

స్వల్ప లీకేజీ చాలామందిలో ఏళ్లు గడిచినా ముదరదు. సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, నడక, ఆటలు మానక్కర్లేదు. డాక్టరు చెప్పిన గడువుకు ఎకో తీయించుకుంటే చాలు.

కారణం రుమాటిక్ జ్వరమైతే లెక్క వేరు. గొంతుకో చర్మానికో సోకిన స్ట్రెప్ బ్యాక్టీరియాపై పోరాడే రోగనిరోధక శక్తి పొరపాటున కవాటాలనూ దెబ్బతీస్తుంది. సంపన్న దేశమైన ఆస్ట్రేలియాలో ఈ జబ్బు ముఖ్యంగా ఆదివాసులను, టోరెస్ జలసంధి దీవుల వారిని పీడిస్తోంది. ఇరుకిళ్లు, నీటి వసతుల కొరత దీనికి మూలం. అక్కడ స్వల్ప లీకేజీ ఉన్న పిల్లలకూ జ్వరం తిరగబెట్టకుండా 28 రోజులకోసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఏళ్ల తరబడి తుంటికి పొడిచే ఈ సూదిని తప్పిస్తే కవాటం మరింత చెడే ముప్పుంది. 2031 నాటికి ఈ జబ్బును అంతం చేయాలన్నది ఆ దేశ లక్ష్యం.

లీకేజీ సంగతి పళ్ల డాక్టరుకూ, గర్భిణులైతే ప్రసూతి వైద్యులకూ ముందే చెప్పండి. ఆయాసం, గుండెదడ, కాళ్ల వాపు కనిపిస్తే మాత్రం గడువు కోసం ఆగకండి.