ట్యాంకు మీ పెరట్లోది... నీళ్లు ఊరందరివి

కోనసీమలో ఇల్లు కట్టేవారు ద్వారబంధానికి ముహూర్తం చూస్తారు. బోరుకు ఈశాన్యం మూల చూస్తారు. సెప్టిక్ ట్యాంకు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఎక్కడో ఓ చోట తవ్వెయ్యండి' అని మేస్త్రీకి వదిలేస్తారు. శ్లాబు పడి, చేతిలో డబ్బు అయిపోయే వేళకు ట్యాంకు గుర్తుకొస్తుంది. అప్పటికి ఏ మూల ఖాళీగా మిగిలితే అదే దాని చోటు. ఆ గోడకు అవతల పక్కింటివారి చేతిపంపు ఉన్నదీ లేనిదీ చూసే నాథుడుండడు.

ప్లానులోనే గీయించండి

పల్లెల్లో ట్యాంకుకు అనుమతి ఇంటి అనుమతిలోనే కలిసి ఉంటుంది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ అనుమతి లేనిదే ఇల్లు కట్టరాదు. దరఖాస్తుకు స్థలం దస్తావేజు నకలు, ప్లాను జతచేసి పంచాయతీలో ఇవ్వాలి. ఆ ప్లానులో గదులు, మెట్లు గీయించి ఊరుకుంటే చాలదు. ట్యాంకు ఎక్కడ? దాని నీరు ఇంకే గుంట ఎక్కడ? మన బావికీ, చుట్టుపక్కల వారి బావులకూ, బోర్లకూ ఎంత దూరం? ఇవన్నీ కొలతలతో చూపించాలి. స్థలం చూడటానికి వచ్చిన సిబ్బందికి ఆ చోటు కూడా చూపాలి. రుసుము కట్టిన రశీదు, ముద్ర పడిన ప్లాను భద్రంగా దాచుకోవాలి. రేపు ఇరుగుపొరుగుతో తగాదా వస్తే పనికొచ్చేవి ఆ కాగితాలే.

అరవై అడుగుల లెక్క

ట్యాంకులో పడ్డ మలినం అడుగున మడ్డిగా పేరుకుంటుంది. పైన తెట్టు కడుతుంది. మధ్యనున్న నీరు గొట్టం గుండా బయటికి పోతుంది. చూడటానికి తేటగా ఉన్నా ఆ నీరు శుద్ధమైనది కాదు. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు అందులో బతికే ఉంటాయి. అందుకే ఆ నీరు ఇంకే గుంట తాగునీటి బావికి 18 మీటర్ల లోపు ఉండరాదని భారత ప్రమాణాల నిబంధన. అంటే సుమారు 60 అడుగులు.

సెంటున్నర, మూడు సెంట్ల స్థలంలో ఈ దూరం మన కంచె దాటి పక్కవారి పెరట్లోకి పోతుంది. కనుక గునపం వేయకముందే ఇరుగుపొరుగును పిలిచి ఎవరి బోరు ఎక్కడ, ఎవరి గుంట ఎక్కడ అని మాట్లాడుకోవడం మంచిది. చోటు చాలకపోతే నాలుగిళ్లవారు కలిసి దూరంగా ఒకే ట్యాంకు కట్టుకోవచ్చునేమో ఇంజినీరుతో ఆలోచించాలి.

అయిదుగురున్న ఇంటికి లోపలి కొలత 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల నీటి లోతు సరిపోతుంది. ఆ పైన మరో అడుగు ఖాళీ వదలాలి. అడుగున కాంక్రీటు తప్పనిసరి. 'అడుగు వదిలేస్తే నీరు ఇంకిపోతుంది, ట్యాంకు నిండదు' అని చెప్పేవారి మాట వినరాదు. ఇంకిన ఆ నీరే మళ్లీ మన బోరులోకి వస్తుంది.

మన నేల తీరు వేరు

గోదావరి డెల్టాలో చాలాచోట్ల కాస్త తవ్వితే చాలు నీరు ఊరుతుంది. నేలనీరు 6 అడుగుల లోపే ఉన్నచోట మామూలు ఇంకుడు గుంట పనికిరాదు. ఇసుక నేలయితే మట్టి దిబ్బ పోసి, నేలకు ఎత్తులో ఇంకే కాలువ కట్టాలి. జిగట నేలయితే కంకర నింపిన వడపోత గది కట్టి, నీటిని దాని గుండా పంపాలి. వేసవిలో తవ్వి చూసి లోతు తేల్చుకుంటే వానాకాలంలో మోసపోతాం.

ఇవేవీ లేకుండా గొట్టాన్ని తిన్నగా వీధి కాలువలోకి వదిలేవారున్నారు. వీధి కాలువ మురుగు పంట కాలువలో కలిస్తే, ఆ కాలువ నీరే మంచినీటి చెరువులకు చేరుతుంది. మన ఇంటి మురుగు కింది ఊరివారి బిందెలోకి పోతుందన్నమాట.

మనిషిని దించరాదు

రెండు మూడేళ్లకోసారి ట్యాంకు మడ్డి తీయించాలి. కాబట్టి యంత్రం లారీ గొట్టం అందేచోట ట్యాంకు ఉండాలి. ఇల్లు కట్టాక ఈ దారి కుదరదు. ప్లాను నాడే చూసుకోవాలి. ట్యాంకులో పుట్టే విషవాయువు మనిషిని క్షణాల్లో పడగొడుతుంది. అతన్ని కాపాడబోయి దిగినవారూ ప్రాణాలు పోగొట్టుకుంటారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకులో దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ప్లానులో ఒక గీత, కొలతకు ఒక టేపు, పక్కవారితో ఒక మాట. వీటికయ్యే ఖర్చు తక్కువే. కట్టిన ట్యాంకును పగలగొట్టి మరోచోట కట్టాలంటే మాత్రం వేలకు వేలు. పాడైన బోరునీరు మళ్లీ ఎప్పటికి బాగుపడుతుందో ఏ మేస్త్రీ చెప్పలేడు.