పాత చీరెకు మిగిలిన బలము

శిశువు జన్మించిన ఇంట మొదట వెదకునది పాత చీరెను. క్రొత్త గుడ్డ ఎంత వెల పెట్టి కొన్నను అంత మెత్తగా ఉండదు. ఏండ్ల తరబడి ఉతికిన నూలుకే ఆ మెత్తదనము అబ్బును. కాని అదే చీరెను దూలమునకు ఉయ్యాలగా కట్టవలసి వచ్చినప్పుడు ఇంటి పెద్దలు ముందుగా దానిని రెండు చేతులతో గట్టిగా లాగి చూతురు. బిడ్డ క్రింద పరచుటకు తగిన గుడ్డ బిడ్డను మోయుటకు తగకపోవచ్చును. మిగులు గుడ్డలతో చేయు కుట్టుపని కంతకును మూలసూత్రము ఈ చేష్టలోనే ఉన్నది. గుడ్డలో ఇంకను ఎంత బలము మిగిలినదో తెలిసికొని, దానికి తగిన పనినే దానికి అప్పగించవలెను.

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు పేరుపొందిన నేత సీమలు. 2016లోను, 2019లోను జరిగిన జిల్లాల విభజనల వలన పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి. గద్వాల, నారాయణపేట తమ పేళ్ల మీదనే జిల్లా కేంద్రములైనవి. ఈ ఊళ్ల చీరెలు లేని పెట్టె ఈ ప్రాంతమున అరుదు. అవి చిరిగినప్పుడు వాటి గతి యేమి? వీధిలో స్టీలు గిన్నెలవాని కేక వినబడును. కొన్ని పాత చీరెలిచ్చిన ఒక గిన్నె చేతికి వచ్చును. ఆ వ్యాపారమును మేము తప్పు పట్టము. అయితే గతించిన తల్లి కట్టిన చీరె బేరములో పోయిన పిమ్మట ఎంత విచారించినను తిరిగి రాదు. కావున ఆ కేక వినబడక ముందే పెట్టె తెరచి పరీక్షించుట మేలు.

పరీక్ష కష్టమైనది కాదు. చీరెను వెలుతురునకు ఎదురుగా పట్టి చూడవలెను. నేత పలుచబడిన చోట్ల వెలుగు కనబడును. పిమ్మట రెండు బొటనవ్రేళ్ల నడుమ గుడ్డను పట్టి నిలువునను, అడ్డమునను లాగవలెను. పోగులు తెగు చప్పుడు వినబడిన యెడల ఆ భాగము బరువు మోయదు. బొంత లోపలి పొరకు మాత్రమే పనికివచ్చును. గుడ్డ నూలుదో కాదో తెలియనిచో, ఒక పోగును తీసి పట్టుకారుతో పట్టుకొని, నీళ్ల పళ్లెముపై కాల్చి చూడవలెను. నూలుపోగు కాగితము వలె కాలి మెత్తని బూడిద యగును. పట్టుపోగు వెంట్రుక కాలిన వాసన వేయును; మిగిలిన బొగ్గు నలిపిన పొడి యగును. పాలియెస్టరు కరిగి గట్టి పూస యగును. అది చెమటను పీల్చదు. నిప్పు తగిలిన కరిగి చర్మమునకు అంటుకొనును. అట్టి గుడ్డను సంచులకు వాడవచ్చును గాని బొంతలకు వాడరాదు.

బొంతకు లెక్క ఇది. ఆరు గజముల నూలుచీరె నుండి రెండున్నర గజముల ముక్కలు రెండు తీసిన, గజము పైట మిగులును. రెండు చీరెలకు అట్టి ముక్కలు నాలుగు. ఆ నాలుగు పొరలు ఒకరికి చాలిన బొంత యగును. గట్టి ముక్కలను అడుగునను పైనను ఉంచి, పలుచబడిన వాటిని లోపల పెట్టవలెను. చిరుగులున్న చోట పాత ధోవతి ముక్క పరచవలెను. ముందుగా అన్నింటిని ఉతికి ఆరవేయవలెను. తడిసిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటు చీరెను విడిగా ఉతికి, రంగు దిగుట ఆగిన పిమ్మటనే కలుపవలెను.

చాపపై పొరలను ముడుతలు లేకుండ పరచి, నడిమి నుండి అంచుల వైపునకు పెద్ద పెద్ద టాకాలు వేసిన పొరలు జరుగవు. ఆపైన గట్టి నూలుదారముతో, వరుసకు వరుసకు నడుమ రెండు వ్రేళ్ల ఎడము విడిచి సాదా కుట్టు కుట్టుకొని పోవలెను. వెచ్చదనము నిచ్చునది పొరల నడుమ నిలిచిన గాలి. దారము మిక్కిలి బిగిసిన గాలికి చోటుండదు; మరీ వదులైన లోపలి గుడ్డ ముద్దగట్టును. పని ముగిసిన పిదప టాకాలు విప్పి, చుట్టును చీరె అంచునే పట్టీగా మడచి కుట్టవలెను. మిగిలిన రెండు పైటలు పసిబిడ్డ బొంతకు సరిపోవును. అది బిడ్డ క్రింద పరచుటకే గాని ముఖముపై కప్పుటకు కాదు.

అన్ని చీరెలును బొంతకు చేరవలసిన పని లేదు. గద్వాల చీరెకు నడుమ నూలు, అంచును పైటయు పట్టు. నూలు ముందు చిరిగినను అంచు నిలిచియుండుట కలదు. అంచును నడిమి గుడ్డతో పోగులు పెనవేసి నేయుదురు గనుక, సరిగా కూడలి వద్దనే కత్తిరింపక, నూలు వైపున అర అంగుళము వదలి కత్తిరించవలెను. ఆ అంచు ఆడపిల్ల లంగాకు శోభ నిచ్చును. లంగాకు వాడు క్రొత్త నూలుగుడ్డను మాత్రము ముందుగా తడిపి ఆరవేయవలెను. లేనిచో తొలి ఉతుకుననే అది కుంచించుకొని, అంచు ముడుతలు పడును.

పోచంపల్లి, పుట్టపాక నేతలో పోగులకే ముడులు వేసి రంగులద్ది పిమ్మట నేయుదురు. అందుచేత ఆ రంగు గుడ్డకు రెండు వైపులను ఉండును. ఎండకు వెలిసిన వైపును లోపలికి త్రిప్పి దిండు గలీబులు, చేతిసంచులు కుట్టవచ్చును. సంచి బరువంతయు పిడుల మొదట పడును. పిడికి అంచుముక్కను నాలుగు మడతలు వేసి, సంచిపై చదరముగా కుట్టి, మూల నుండి మూలకు మరల కుట్టవలెను. 120 మైక్రానుల కంటె పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుండి దేశమంతట నిషేధించిరి గనుక, అంగడికి పోవు ప్రతి చేతికి ఈ సంచి అవసరమే.

అరచేయి పాటి ముక్కలను పారవేయువారు దేవరకొండ వైపు తండాలలోని లంబాడీ స్త్రీల పనిని చూడవలెను. వారు లంగాలపై, రవికెలపై రంగుల ముక్కలు అతికి, అద్దములు, గవ్వలు కూర్చుదురు. ముక్కపై ముక్క పడిన చోట అందముతో పాటు గుడ్డకు మందము కూడ వచ్చును. దర్జీ దుకాణమున మిగిలిన కత్తిరింపులు ఇట్టి పనికి చాలును.

ఇది మన సీమకే పరిమితమైన విద్య కాదు. వంగదేశపు స్త్రీలు పాత చీరెల పొరలను కుట్టి కాంతాలు చేయుదురు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లెలో నల్లజాతి స్త్రీలు చలి నుండి పిల్లలను కాపాడుకొనుటకై చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టిరి. 2002లో హ్యూస్టన్ నగరపు కళాసంగ్రహశాల ఆ బొంతలను ప్రదర్శించినది. 2006లో అవి తపాలాబిళ్లల పైకెక్కినవి. ఆ తల్లులు వాటిని కుట్టినది మాత్రము పిల్లలకు కప్పుటకే.

చలికాలమునకు ముందు ఒక మధ్యాహ్నము మీ పెట్టె తెరువుడు. బరువు మోయగలవి ఒక కుప్ప, కప్పుటకు తగినవి ఒక కుప్ప, లోపలి పొరకు పనికివచ్చునవి ఒక కుప్పగా వేయుడు. మూడింటను చేరక మిగిలినవి ఉన్నచో, గిన్నెలవాడు ఎటులను రాకపోడు.